దేవుణ్ణి నమ్మని నా మాటకు విలువ లేదా?

కోరుట్ల దగ్గరి ఒక గ్రామం నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు. ఆమెకు ముప్పై ఆరేళ్లు. భర్త కూలిపనికి గల్ఫ్ వెళ్లి, మూడేళ్ల క్రితం అక్కడే జబ్బుపడి చనిపోయారు. ఆయన ఆసుపత్రిలో ఉన్నారని కబురు వచ్చిన రోజునే ఆమె వేములవాడ రాజన్నకు కోడె మొక్కు మొక్కుకున్నారు. సోమవారాలు ఉపవాసం ఉన్నారు. మనిషి రాలేదు, శవపేటిక వచ్చింది. ఆ తర్వాత ఆమె ఇంట్లో దీపం పెట్టడం మానేశారు. "కోపంతో మానలేదు. అటువైపు వినేవాళ్లు ఎవరూ లేరని అనిపించింది, అంతే" అని రాశారు.

ఇంట్లో అత్తమ్మ, ఏడో తరగతి చదివే కొడుకు ఉన్నారు. కుట్టుమిషనే ఆధారం. ఇంటర్ చదివారు కాబట్టి పన్నెండు మంది సభ్యులున్న మహిళా పొదుపు సంఘానికి పుస్తకాలు ఆమే రాస్తారు. సభ్యులు కట్టే అప్పు వాయిదాలు వసూలు చేసి ఇద్దరు లీడర్లకు అప్పజెబితే, వారు మండల కేంద్రంలోని బ్యాంకులో జమచేస్తారు. ఈ మధ్య బ్యాంకు లెక్కలో 38 వేల రూపాయలు తక్కువ కనిపించాయి. ఎవరిని అడిగినా తెలియదన్నారు. గ్రామాభివృద్ధి కమిటీ పెద్దలు కూర్చుని, బతుకమ్మ పండుగ అయ్యాక సభ్యులందరూ తడిబట్టలతో పోచమ్మ గుడి ముందు ప్రమాణం చేయాలని తీర్మానించారు. సంఘంలోని ఇద్దరు ముస్లిం మహిళలు దర్గా దగ్గర చేస్తామన్నారు. చర్చికి వెళ్లే ఒకామె బైబిలు పట్టుకుని చేస్తానన్నారు. పెద్దలు సరేనన్నారు. ఈ సోదరి మాత్రం, "నాకు నమ్మకం లేదు. ఉన్నమాట అందరి ముందూ మామూలుగా చెబుతాను" అన్నారు. "భయం లేనివాళ్ల మాటకు పూచీ ఏమిటి?" అన్నారు ఒక పెద్దమనిషి. ఆ రోజు నుంచి చూపులన్నీ ఆమె మీదే. ఇంటికి వస్తే అత్తమ్మ కూడా, "దేవుడంటే భయం లేనిదానివి, నువ్వు ప్రమాణం చేసినా ఒకటే, చేయకపోయినా ఒకటే" అన్నారట. "అందరికీ ఒక చోటు ఉంది, నాకే లేదు" అని ఆమె బాధ.

ఉత్తరంలో మరో సంగతి ఉంది. రెండో శనివారం, ఆదివారం కలిసి రావడంతో ఒకసారి వసూలైన 24 వేలు రెండు రాత్రులు ఆమె బీరువాలోనే ఉన్నాయి. కొడుకు ఫీజు గడువు కూడా అప్పుడే. "తీస్తే ఎవరికీ తెలియదు, తర్వాత సర్దవచ్చు అన్న ఆలోచన వచ్చింది. లేచి డబ్బు తీసి లెక్కపెట్టాను. బీడీలు చుట్టే ఒకామె ఇచ్చిన పది, ఇరవై రూపాయల నోట్ల కట్ట అందులో ఉంది. మళ్లీ పెట్టేశాను. దేవుణ్ణి తలచుకోలేదు, పోలీసులనూ తలచుకోలేదు. మరి నన్ను ఆపింది ఏమిటో ఇప్పటికీ తెలియదు. రేపు అది ఆపకపోతే?" అని అడుగుతున్నారు.

ప్రమాణం చేయాలా వద్దా, దేవుడి భయం లేనివాళ్లలో నీతి నిలుస్తుందా, కొడుక్కి మంచీ చెడూ ఏ ఆధారంతో చెప్పాలి అన్నవి ఆమె ప్రశ్నలు. చివర్లో చిన్నగా ఇంకొకటి అడిగారు: అత్తమ్మ బాబును కొండగట్టుకు తీసుకెళ్తానంటున్నారు, పంపాలా?

చెల్లెమ్మా, మీరు చివరిగా చెప్పుకున్న ఆ రాత్రి గురించే మొదట మాట్లాడతాను. మిగిలిన ప్రశ్నలన్నీ అక్కడి నుంచే పుట్టాయి.

మిమ్మల్ని ఆపింది ఏమిటో తెలియదన్నారు. మీరు రాసిన వాక్యంలోనే అది ఉంది. నోట్ల కట్ట చూశారు, అది ఎవరిదో గుర్తుపట్టారు. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, వెయ్యి బీడీలు పూర్తిచేస్తే ఎంత కూలి వస్తుందో మీ ప్రాంతపు ఆడవాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ డబ్బు కనబడకపోతే ఆమె ఇంట్లో ఏమవుతుందో మీ కళ్లకు కట్టింది, మీ చెయ్యి ఆగింది. నేను నీతి అనేది దీన్నే. మన పని వల్ల దెబ్బతినే మనిషి మన ఆలోచనలోకి రావడం, వచ్చాక ఆ మనిషిని పక్కకు నెట్టలేకపోవడం. మీకు అది ఉంది. దాన్ని మీరు గుర్తించలేకపోవడానికి కారణం, నీతి అంటే పైనుంచి ఎవరో చూస్తుండటమేనని మనందరికీ చిన్నప్పటి నుంచి చెప్పడమే.

"రేపు ఆపకపోతే?" అన్న మీ భయం మాత్రం నిజమైనదే. ఆ భయం భక్తులకు కూడా ఉండాలి. ఏ మనిషికీ తనమీద తనకు పూర్తి పూచీ లేదు. అందుకే మంచి మనసు ఒక్కటే సరిపోదు, మంచి ఏర్పాట్లు కూడా కావాలి. 24 వేలు రెండు రాత్రులు ఒక్కరి బీరువాలో ఉండవలసి రావడం మీ గుణానికి పెట్టిన పరీక్ష ఎందుకు కావాలి? అది సంఘం పద్ధతిలో ఉన్న లోపం. దాన్ని సరిచేసే మార్గం తర్వాత చెబుతాను. అంతవరకు ఒక్క మాట గుర్తుంచుకోండి. ఆలోచన రావడం నేరం కాదు. దాన్ని నాకు రాశారు, మంచిదే. సంఘం సమావేశంలో మాత్రం చెప్పకండి. మీ నిజాయితీకి సాక్ష్యంగా మీరు చెప్పేదాన్ని, ఇప్పుడున్న వేడిలో మీ నేరానికి సాక్ష్యంగా వాడుకుంటారు.

ఆ పెద్దమనిషి అన్న మాటను తేలికగా తీసిపారేయను. దానికి పెద్ద చరిత్రే ఉంది. మతసహనం గురించి గొప్పగా వాదించిన ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ లాక్ కూడా, 1689లో వెలువడిన తన లేఖలో, దేవుణ్ణి కాదనేవారిని మాత్రం సహించకూడదన్నారు. మాటలు, ఒప్పందాలు, ప్రమాణాలు సమాజాన్ని కట్టి ఉంచుతాయని, నాస్తికుణ్ణి అవి కట్టలేవని ఆయన వాదన. మీ ఊరి పెద్దమనిషి నోట వినిపించిన మాట అదే. దీనికి జవాబు అంతకు ఏడేళ్ల ముందే వచ్చింది. ఫ్రాన్స్ నుంచి వెళ్లిపోయి హాలండ్‌లో తలదాచుకున్న పియర్ బేల్, 1682లో ఒక తోకచుక్క గురించి రాస్తూ, నాస్తికులతో నిండిన సమాజం కూడా చక్కగా నడవగలదన్నారు. ఆయన నాస్తికుడేమీ కాదు, ప్రొటెస్టెంటు క్రైస్తవుడు. మనుషులు తాము నమ్మే సూత్రాల ప్రకారం బతకడం తక్కువని, అలవాటు, స్వభావం, నలుగురిలో మంచిపేరు కోసం ఉండే ఆశ వారిని ఎక్కువగా నడిపిస్తాయని ఆయన గమనించారు. ఊళ్లో ఎవరిని చూసినా బేల్ చెప్పింది తప్పని నేననలేను.

ఇంతకంటే లోతైన ప్రశ్న ఒకటుంది. దాదాపు 2,400 ఏళ్ల క్రితం ఏథెన్స్ న్యాయస్థానం దగ్గర, కన్నతండ్రి మీదే హత్యానేరం మోపడానికి వచ్చిన ఒక భక్తుణ్ణి సోక్రటీసు అడిగినట్లుగా ప్లేటో రాశాడు. దేవతలకు ఇష్టం కాబట్టి ఒక పని పుణ్యం అవుతుందా, పుణ్యం కాబట్టే దేవతలకు ఇష్టం అవుతుందా? మొదటిదే నిజమైతే, రేపు దేవుడు దొంగతనాన్ని మెచ్చుకుంటే దొంగతనం మంచిదైపోవాలి. ఏ భక్తురాలూ దానికి ఒప్పుకోదు. మీ అత్తమ్మ అసలు ఒప్పుకోరు. రెండోదే నిజమైతే, దేవుడు మెచ్చుకోవడానికి ముందే ఆ పనిలో మంచి ఉంది. అప్పుడు దాన్ని నమ్మినవాళ్లూ చూడగలరు, నమ్మనివాళ్లూ చూడగలరు. ల్యారీ న్యూచీ అనే మనోవిజ్ఞాన పరిశోధకుడు అమెరికాలో గట్టి మతనిష్ఠ గల అమిష్, మెన్నోనైట్ క్రైస్తవ కుటుంబాల పిల్లలను ఇదే తీరులో ప్రశ్నించారు. ఆదివారం పనిచేయకూడదన్న నియమం దేవుడు పెట్టకపోయి ఉంటే అప్పుడు పనిచేయవచ్చా అంటే, చేయవచ్చన్నారు. దొంగతనం చేయకూడదన్న నియమం దేవుడు పెట్టకపోయి ఉంటే దొంగిలించవచ్చా అంటే, అత్యధికులు కూడదన్నారు. పోగొట్టుకున్నవాళ్లకు నష్టం కదా అన్నారు. ఎంతో భక్తి గల ఇళ్లలో పెరిగిన పిల్లలు కూడా, చెడును కొలవడానికి చివరకు పక్కవాడి నష్టాన్నే చూశారు.

ఇదంతా ఎక్కడో దూరదేశాల సంగతి అనుకోకండి. మీరు కరీంనగర్ వెళ్లే దారికి దగ్గర్లో, గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట ఉంది. కన్నడ కవి పంపడి తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దంలో అక్కడ శాసనం చెక్కించాడు. తెలుగు కంద పద్యాలున్న శాసనంగా దాని గురించి మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ గుట్ట జైనులది. లోకాన్ని సృష్టించి, పైనుంచి తీర్పు చెప్పే దేవుడు జైనంలో లేడు. అహింస, సత్యం, దొంగతనం చేయకపోవడం అనే వ్రతాలు మాత్రం ఎంత కఠినంగా ఉన్నాయో చూడండి. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో బౌద్ధ స్తూపం ఉంది. బుద్ధుడు కేసపుత్త పట్టణపు కాలామ ప్రజలకు చెప్పిన ఓదార్పు ఒకటి మీకు సరిగ్గా సరిపోతుంది. పరలోకం ఉండి, కర్మఫలం ఉంటే, ద్వేషం లేకుండా బతికినవాడికి అక్కడ మేలు. అవేవీ లేకపోయినా, ఇక్కడే, ఈ బతుకులోనే అతనికి ప్రశాంతత. పరలోకం ఉందో లేదో తేల్చుకున్నాకే మంచిగా బతకమని ఆయన అనలేదు. ఉత్తర తెలంగాణ నేల మీద వందల ఏళ్లపాటు మనుషులు ఇలాంటి దారుల్లో కూడా బతికారు.

ఇటీవలి కాలపు ఉదాహరణ ఇంకా దగ్గరిది. దళిత కుటుంబాల ఆడపిల్లలను చిన్న వయసులోనే దేవతకు ముడిపెట్టి జోగినులుగా మార్చి, ఆ తర్వాత ఊరి మగవాళ్లకు వదిలేసే ఆచారం నిజామాబాద్ ప్రాంతంలో ఎన్ని బతుకులను కాల్చిందో మీ అత్తమ్మ తరం వాళ్లకు బాగా తెలుసు. అది దేవుడి పేరుతో నడిచింది, దేవుడి భయంతోనే నడిచింది. ఆ పిల్ల తల్లిదండ్రులు ఎదురుచెప్పలేకపోయింది అమ్మవారి కోపానికి భయపడే. ఆ స్త్రీల పక్షాన నిలబడి ఏళ్లతరబడి పనిచేసినవారిలో ముందు చెప్పుకోవలసింది హేమలతా లవణం, లవణం దంపతులను. ఆమె మహాకవి జాషువా కూతురు, ఆయన నాస్తికోద్యమ నాయకుడు గోరా కొడుకు. ఇద్దరూ నాస్తికులే. ఆ దురాచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. ఏ దేవుడూ తమను చూడటం లేదనుకున్న ఇద్దరు మనుషులు ఆ ఆడపిల్లలను చూశారు. "భయం లేనివాళ్ల మాటకు పూచీ ఏమిటి" అన్న పెద్దమనిషికి ఈ సంగతి ఎవరైనా చెప్పాలని నా కోరిక.

అయితే మీరు మరోవైపుకు కొట్టుకుపోవద్దు. నమ్మకం వల్ల ఏమీ ఒరగదని నేను చెబితే అది అబద్ధం అవుతుంది. మొరాకోలోని మర్రాకేష్ పాతబజారు దుకాణదారుల మీద 2015లో వెలువడిన ఒక అధ్యయనం ఉంది. నమాజు పిలుపు చెవిన పడుతున్న సమయంలో వాళ్లు డబ్బు తమకు ఉంచుకోకుండా దానానికి ఇవ్వడానికి ఎక్కువగా మొగ్గారు. పిలుపు లేని వేళల్లో అడిగితే దుకాణదారులు అంతగా మొగ్గలేదు. నమ్మకం మంచిని పదేపదే గుర్తుచేస్తుందని నాకు దీనివల్ల అర్థమైంది. రోజుకు ఇన్నిసార్లు, వారానికి ఒకసారి, ఏడాదికి ఒక జాతర అని మనిషిని తన పనుల్లోంచి లేపి, నువ్వు ఒక్కడివే కాదని చెబుతుంది. చావు ఇంట్లో పక్కన కూర్చోబెడుతుంది. మీరు దీపం మానేసినప్పుడు ఈ గుర్తుచేసే ఏర్పాటు కూడా మీ ఇంట్లోంచి వెళ్లిపోయింది. ఆ ఖాళీ మీకు తెలుస్తోంది, మీ ఉత్తరం నిండా అదే ఉంది. దాన్ని మీరు వేరే విధంగా నింపుకోవాలి. సంఘం సమావేశం అందులో ఒకటి కావచ్చు.

నమ్మకం ఉన్నా అది ప్రతిసారీ పనిచేయదన్న సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో ప్రిన్స్‌టన్ మతపాఠశాల విద్యార్థుల మీద జరిగిన ప్రయోగం ఫలితాలు 1973లో వచ్చాయి. దారిలో మూలుగుతూ పడి ఉన్న మనిషి దగ్గర ఎవరు ఆగుతారో చూశారు. ఆలస్యమైపోయిందని తొందరలో ఉన్నవారిలో పదిమందిలో ఒక్కరు ఆగారు. తీరిక ఉన్నవారిలో ఆరుగురికి పైగా ఆగారు. వారిలో కొందరు, దారిలో పడి ఉన్నవాణ్ణి ఆదుకున్న మంచి మనిషి గురించి బైబిలు కథ చెప్పడానికే వెళుతున్నారు. ఆ కథ మనసులో ఉన్నా, ఆగడానికి అది పెద్దగా తోడ్పడలేదు.

ఇక ప్రమాణం సంగతి. పెద్దలు ఎందుకు ఆ దారి పట్టారో ముందు అర్థం చేసుకోండి. పోలీసు స్టేషనుకు వెళితే ఊరి పరువు, ఖర్చు, నెలల తరబడి తిప్పలు. పేదవాళ్లకు అందుబాటులో ఉన్న న్యాయస్థానం పోచమ్మ గుడి. తప్పు చేసిన మనిషి ముందురోజు రాత్రి భయపడి ఒప్పుకున్న సందర్భాలూ ఉంటాయి, కాదనను. స్వీడన్ వంటి దేశంలో మంచిగా ఉండాలంటే దేవుణ్ణి నమ్మాలా అని అడిగితే పదిమందిలో ఒకరు కూడా అవునని చెప్పలేదు. 2019లో 34 దేశాల్లో జరిగిన సర్వేలో తేలిన మాట ఇది. అక్కడ సమాజం కూలిపోలేదు. కానీ అక్కడ బ్యాంకు లెక్క, కోర్టు తీర్పు, ప్రభుత్వ కార్యాలయం జనానికి నమ్మదగినవిగా ఉన్నాయి. అవి నమ్మదగనివైన చోట జనం అమ్మవారి వైపు చూస్తారు. మీ ఊరి పెద్దలు భక్తి వల్ల ఎంత ప్రమాణం కోరారో, లెక్కల మీద నమ్మకం లేక అంతకంటే ఎక్కువగా కోరారని నాకనిపిస్తోంది.

అయినా ఈ ప్రమాణంతో నిజం తేలుతుందా? డబ్బు తీసిన మనిషికి భక్తి లేకపోతే నిబ్బరంగా ప్రమాణం చేస్తుంది. భక్తి ఉంటే, తర్వాత అమ్మవారికి కోడినో మేకనో ఇచ్చి క్షమించమని వేడుకుంటుంది. ఏ తప్పూ చేయని, మెత్తని మనసున్న ఆమె మాత్రం వణికిపోతుంది. వణికినందుకు ఆమెనే అనుమానిస్తారు. అంతటితోనూ ఆగదు. రేపు ఎవరి పిల్లవాడికి జ్వరం వచ్చినా, ఎవరి గేదె చచ్చినా, "ప్రమాణం తగిలింది" అంటారు. అనుమానం అక్కడి నుంచి ఎటు పోతుందో, చేతబడి పేరుతో మన జిల్లాల్లో జరిగిన ఘోరాలు చెబుతూనే ఉన్నాయి. ఇది నన్ను నిజంగా కలవరపెడుతోంది.

మన చట్టం కూడా ఒకప్పుడు ఈ దారిలో కొంత నడిచింది. 1873 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం, ఎదుటి పక్షం ఫలానా విధంగా ప్రత్యేక ప్రమాణం చేస్తే దానికి కట్టుబడతానని ఒక పక్షం కోర్టులో ఒప్పుకోవచ్చు. ఆ ప్రమాణం మీదే వ్యాజ్యం తేలిపోయేది. ఇప్పుడున్న 1969 చట్టం ఆ ఏర్పాటును వదిలేసింది. సాక్షి దైవసాక్షిగా చెప్పవచ్చు, లేదా దేవుడి పేరెత్తకుండా నిష్ఠతో నిజం చెబుతానని ధ్రువీకరించవచ్చు. రెండింటికీ విలువ సమానం, అబద్ధమాడితే శిక్షా సమానం. మంత్రులు, శాసనసభ్యులు చేసే ప్రమాణానికి కూడా రాజ్యాంగం మూడో షెడ్యూల్ ఇవే రెండు మార్గాలు ఇచ్చింది. 1949 అక్టోబరు 17న రాజ్యాంగ పీఠికను దేవుడి పేరుతో మొదలుపెట్టాలని హెచ్.వి. కామత్ ప్రతిపాదిస్తే, 41 మంది అవునన్నారు, 68 మంది కాదన్నారు. కాదన్నవారిలో దైవభక్తులు లేకపోలేదు. తమ నమ్మకాన్ని అందరి మీదా రుద్దకూడదనుకున్నారు. అందరికీ చోటు ఉంది, నాకే లేదన్నారు మీరు. ఈ దేశం ఆ చోటును మీకు అప్పుడే ఇచ్చింది. ఊరు ఇంకా ఇవ్వలేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఏది ఎంచుకోవాలో నేను ఆజ్ఞాపించను. దేనికి ఏ ఖర్చో చెబుతాను.

అందరితోపాటు ప్రమాణం చేసేయవచ్చు. డబ్బు మీరు తీయలేదు కాబట్టి చెప్పేది నిజమే. ఇల్లు చల్లబడుతుంది, అత్తమ్మ ఊపిరి పీల్చుకుంటారు. మీకు కుట్టుబట్టలు ఇచ్చేవాళ్లు ఇస్తూనే ఉంటారు. ఒంటరిగా బతుకును ఈడుస్తున్న స్త్రీ ఆ దారి పడితే నేను చిన్నచూపు చూడను. కానీ ఇప్పటికే నమ్మకం లేదని అందరి ముందూ చెప్పారు. ఇప్పుడు చేస్తే కొందరు దాన్ని కూడా మీ తప్పుకు రుజువుగా చెప్పుకుంటారు. అసలు 38 వేలు ఎక్కడికి పోయాయో అప్పటికీ తేలదు.

చేయనని తేల్చిచెప్పి ఇంట్లో కూర్చోవచ్చు. మీకు ఆ హక్కు ఉంది. రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన అంతఃకరణ స్వేచ్ఛ నమ్మనివారికీ వర్తిస్తుంది. ఆ హక్కు వాడుకుంటే వెంటనే పడే భారం కూడా మీ మీదే, మీ బాబు మీదే. కమిటీ జరిమానా వేస్తామన్నా, మీతో మాట్లాడవద్దని ఊరికి చెప్పినా, వారికి అటువంటి అధికారం ఏ చట్టమూ ఇవ్వలేదు. అటువంటిది జరిగితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. ఫోను 15100.

మూడో దారి కొంచెం ఓపిక కోరుతుంది. నా మనసు దానివైపే మొగ్గుతోంది. పండుగకు ముందే సంఘం సమావేశం పెట్టించండి. ప్రమాణం కంటే ముందు పుస్తకాలు చూద్దామని మీరే అడగండి. పుస్తకాలు రాసే మనిషే తనిఖీ కోరితే ఆ మాటకు బరువు వస్తుంది. పన్నెండు మంది పాసుపుస్తకాలు, తీర్మానాల పుస్తకం, జమ రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు పక్కపక్కన పెట్టి, తేదీల వారీగా గట్టిగా చదవాలి. మండల సమాఖ్య నుంచి ఎవరినైనా పిలవండి. దొంగ దొరకకపోయినా పొరపాటు దొరకవచ్చు. సంఘాల పేర్లు ఒకేలా ఉండటం వల్ల జమ ఇంకో సంఘం ఖాతాలో పడి ఉండవచ్చు, వడ్డీగానో బీమా కిందనో బ్యాంకు మినహాయించి ఉండవచ్చు. ఇవన్నీ చూడకముందే పన్నెండు మంది ఆడవాళ్లను తడిబట్టలతో నిలబెట్టడం అన్యాయం, ఆ అన్యాయం మీ ఒక్కరికే జరుగుతున్నది కాదు. సమావేశంలో ఆ పన్నెండు మంది తరఫున మాట్లాడండి. మీ నమ్మకం గురించిన చర్చగా దాన్ని మారనివ్వకండి.

అప్పటికీ తేలకపోతే, ప్రమాణానికి బదులు ఒక అవకాశం ఇమ్మని అడగండి. ఫలానా రోజులోగా సంఘం డబ్బుపెట్టెలో ఎవరైనా, పేరు లేకుండా, డబ్బు తెచ్చి వేయవచ్చు, ఎవరూ ఆరా తీయరని తీర్మానం చేయాలి. భయపడి ఒప్పుకోవాలనుకునే మనిషి ఉంటే, పదిమందిలో పరువు పోకుండా బయటపడే వీలు ఇది. పెద్దలు ప్రమాణం ద్వారా ఆశిస్తున్న ఫలితం కూడా అదే కదా. అప్పటికీ ప్రమాణమే కావాలంటే గుడి దగ్గరికి వెళ్లండి. దూరంగా ఉంటే దాక్కున్నట్టు అవుతుంది. అందరి వంతు అయ్యాక నిలబడి, మీ మాటల్లో చెప్పండి: "ఆ డబ్బు నేను తీయలేదు. నేను రాసిన ప్రతి లెక్కకూ నేనే జవాబుదారీని. తప్పు తేలితే నన్ను అడగండి." రాసి సంతకం కూడా పెట్టండి. బిడ్డ మీద ఒట్టు మాత్రం వేయకండి. ఎవరు ఎంత బలవంతం చేసినా ఆ పసివాణ్ణి పూచీగా పెట్టకండి. మీ మాట కొందరు ఒప్పుకోరు. ఏళ్లతరబడి మీరు రాసిన పుస్తకాలు చూసినవాళ్లు ఒప్పుకుంటారు.

సంఘం గురించి ఒక్క మాట. పొదుపు సంఘాలకు నేర్పే పంచసూత్రాలు మీకు కంఠస్థమే: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. వాటిలో దేవుడి పేరు లేదు. పోచమ్మను కొలిచేవాళ్లు, దర్గాకు వెళ్లేవాళ్లు, చర్చికి వెళ్లేవాళ్లు, ఎక్కడికీ వెళ్లని మీరు, తాకట్టు లేకుండా ఒకరి అప్పుకు ఒకరు నిలబడి ఇన్నేళ్లు నడిపారు. దైవభయం లేనిదే సమాజం కట్టుగా ఉండదనే వారికి మీ సంఘాన్నే చూపించవచ్చు. ఇప్పుడు చెడింది ఐదో సూత్రం. డబ్బు ఒక్కరి ఇంట్లో రాత్రి ఉండకూడదనీ, వసూలు చేసేటప్పుడు ఇద్దరు ఉండాలనీ, జమ రసీదును ప్రతి సమావేశంలో చదవాలనీ తీర్మానం పెట్టించండి. మీ బీరువా భారం కూడా తగ్గుతుంది.

బాబు సంగతి. ఏడో తరగతి పిల్లవాడికి సిద్ధాంతం అవసరం లేదు. ఎవరిదైనా పెన్సిలు తెచ్చుకుంటే వెనక్కి ఇప్పించండి, వాడి చేత్తోనే. ఎవరినైనా బాధపెడితే, ఆ పిల్లవాడి ఇంట్లో ఆ సాయంత్రం ఎలా గడిచి ఉంటుందో అడగండి. మీరు మాట తప్పినప్పుడు వాడికి క్షమాపణ చెప్పండి. సంఘం పుస్తకం రాసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని కూడికలు చేయించండి, ఎవరు ఎంత కష్టపడి కట్టారో చెప్పండి. దేవుడు ఉన్నాడా అని అడిగితే, "నాకు లేడనిపిస్తోంది, నానమ్మకు ఉన్నాడు, నువ్వు పెద్దయ్యాక ఆలోచించుకో" అనండి. అది నిజం, వాడు మోయగలిగినంత నిజం. మీ నమ్మకం రేపు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. దాన్ని ఈ గొడవలో తేల్చుకోవలసిన అవసరం లేదు.

అత్తమ్మ అన్న మాట మిమ్మల్ని కోసిందని తెలుస్తూనే ఉంది. కానీ ఆమె పోగొట్టుకున్నది కొడుకును. మీకు అటువైపు ఎవరూ లేరనిపించిన రోజునే, అటువైపు కొడుకు ఉన్నాడన్న నమ్మకాన్ని ఆమె పట్టుకున్నారు. మీరు దీపం మానేసినప్పుడు ఆ ఆశను కూడా ఆర్పేశారని ఆమె అనుకుని ఉండవచ్చు. ఆమె దీపం ఆమె పెట్టుకుంటారు, నూనె మీరు కొని తెచ్చిపెట్టండి. మీకు నమ్మకం లేకపోయినా ఆమె నమ్మకం మీద మీకు గౌరవం ఉందని ఆమెకు తెలియాలి. మీ మాట మీద ఇంట్లో నమ్మకం తిరిగి రావడం అక్కడ మొదలవుతుందని నేను అనుకుంటున్నాను.

బాబును కొండగట్టుకు పంపండి. నానమ్మతో కలిసి బస్సెక్కి, కొండ మీద కోతులను చూసి, పులిహోర తిని వస్తాడు. నాన్న చిన్నప్పుడు అక్కడ ఏం చేసేవాడో ఆమె దారంతా చెబుతారు. ఆ కథలు మీ దగ్గర లేవు. వీలైతే మీరూ వెళ్లండి. మొక్కకపోయినా ఫరవాలేదు, ఆమె మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకోవడానికి ఒకరు కావాలి.